బిగువు సడలించు చోట

హైదరాబాదునందలి ఒక పెద్ద ప్రభుత్వ వైద్యశాలలో, శస్త్రచికిత్సా విభాగముల సంరంభమునకు దూరముగా, వెనుకవైపు భవనపు నేలయంతస్తున పునరావాస చికిత్సా విభాగమున్నది. అది నేలయంతస్తున నుండుట యాదృచ్ఛికము కాదు. అచ్చటికి వచ్చువారిలో మెట్లెక్కగలవారు తక్కువ. వాకిట మెట్లకు మారుగా ఏటవాలుగా కట్టిన బాట, గోడల పొడుగునను చేతికానుటకు ఇనుపకమ్మీలు, లోపల నడక నేర్చుకొనుటకు జంట దండములు, ఒక మూల చక్రముల కుర్చీల వరుస: ఇవన్నియు చూచువానికి అది వైద్యశాలగాక వ్యాయామశాలగా తోచును. కండరముల బిగువు తగ్గించు మందులనుగూర్చి వ్రాయదలచినవాడనై, వానిని దినదినము వ్రాసియిచ్చువారిని, ఏండ్ల తరబడి మింగువారిని కన్నులార చూడవలెనని తలంచి, అచ్చటి వైద్యురాలి అనుమతితో ఒక ఉదయము బయటిరోగుల గదిలో ఆమె బల్లప్రక్కన కూర్చుంటిని.

మొదట వచ్చినవాడు నలువది యేండ్ల ఆటో డ్రైవరు. గ్యాసు బండ దింపునప్పుడు నడుము పట్టివేసినదట. స్టాండు ప్రక్కనున్న మందుల షాపులో చీటీ లేకయే ఒక స్ట్రిప్పు కొని, అది అయిపోగానే మఱియొకటి కొనుచు, మూడు వారములు గడపినాడట. "ఏసుకుంటే కొద్దిసేపు మంచిగనే ఉంటది మేడం, కని పొద్దంత మబ్బుమబ్బుగ ఉంటది" అనెను. ఆమె స్ట్రిప్పును త్రిప్పి, దానిపైనున్న ఎఱ్ఱగీతను, వైద్యుని చీటీ లేక అమ్మరాదను హెచ్చరికను అతనికి చూపి, మందుల పేర్లను నాకు చదివి వినిపించినది: ఒక్క మాత్రలో నొప్పికి అసిక్లోఫెనాకు 100 మి.గ్రా., పారాసిటమాలు 325, బిగువు సడలించు క్లోర్‌జోక్సజోను 250. దీనిని దినమునకు మూడుమార్లు మింగుచున్న ఆ మనిషి, నడుమ జ్వరము వచ్చినదని పారాసిటమాలు 650 మాత్రలను వేఱుగా నాలుగుపూటల మింగియుండెను. వైద్యురాలు చీటీ వెనుక కూడి చూపినది: రెండు దారులనుండి లోనికిపోయిన పారాసిటమాలు దినమునకు 3,575 మి.గ్రా.; పెద్దవారికి పరమావధి 4,000. క్లోర్‌జోక్సజోను అరుదుగానైనను కాలేయమును తీవ్రముగా దెబ్బతీయగలది. సాయంకాలమున ఆయన పుచ్చుకొను మద్యము సంగతి మూడవ ప్రశ్నకుగాని బయటపడలేదు.

"కండ్లు పచ్చబడ్డయా? మూత్రం రంగు మారిందా?" అని ఆమె అడిగినది. క్లోర్‌జోక్సజోను వలన మూత్రము నారింజవన్నెకో ఊదావన్నెకో తిరుగుట కద్దు, అది కీడు కాదు. కాని కన్నులు పసుపెక్కి, ఆకలి చచ్చి, మూత్రము ముదురు వర్ణమైనచో అది కాలేయము మొఱ. రెండింటికిని భేదము తెలియని రోగి నిష్కారణముగా భయపడవచ్చును, సకారణముగా నిర్లక్ష్యము చేయనువచ్చును. రక్తపరీక్షకు వ్రాసి, ఆ మాత్రలు నాటితో మానుమని, మంచము పట్టక మెల్లగా నడువుమని, వేడినీటి కాపడము పెట్టుకొనుమని చెప్పి, మబ్బుగా ఉన్నదినమున బండి తీయరాదన్నది. "బండి తీయకుంటే కిరాయి ఎట్ల కట్టాలె మేడం?" అని అతడడిగెను. "అందుకే మబ్బు తెచ్చే గోలీ మీకు వద్దంటున్న" అని ఆమె బదులు చెప్పినది. వైద్యగ్రంథములలో వాహనము నడుపరాదను వాక్యము ఒక పంక్తిలో ముగియును. ఆ పంక్తి క్రింద ఒక కుటుంబముయొక్క బియ్యపుడబ్బా ఉన్నదని వ్రాసినవారికి తెలియునో లేదో!

అతడు పోయిన పిమ్మట, నడుములో నొప్పియైనచో తలలో మబ్బేలయని నేనడిగితిని. ఆమె వివరించిన తీరు ఇది: ఈ తరగతి మందులలో పెక్కు కండరమును తాకనే తాకవు. కండరమును బిగియుమని పంపు ఆజ్ఞలు వెన్నుపాము నుండియు మెదడు నుండియు బయలుదేరును గనుక, మందులును అచ్చటికే పోయి ఆ ఆజ్ఞలను మందగింపజేయును. డాంట్రొలీను వంటి ఒకటిరెండుమాత్రమే సూటిగా కండరమునందు పనిచేయును. ఊరంతటికిని ఒకే మీట ఉన్నప్పుడు, ఒక ఇంటి దీపము తగ్గింపబోయి వీధులన్నిటిని మసక చేసినట్లు, పట్టిన కండరమొక్కటే సడలదు; మెలకువ, నిలుకడ, చూపు, మాట అన్నియు కొంత కొంత సడలును. వృద్ధులు ఈ మందు మింగి, రాత్రి మూత్రమునకు లేచి, తూలిపడి తుంటి విఱుగగొట్టుకొనుట అచ్చటివారికి నిత్యానుభవమట. అందుచే అఱువదియైదు దాటినవారికి వీనిని వ్రాయుటకు ఆమె కలము వెనుదీయును.

ఆ మాటలలోనే అగ్నిశిఖ ప్రసక్తి వచ్చినది. మన అడవులలో నిప్పుకణికలవంటి రేకులతో పూచు ఆ తీగ దుంప విషమని పల్లెలవారందఱు ఎఱుగుదురు. దాని విత్తులనుండి తీసిన ద్రవ్యముతోనే బిగువు సడలించు థయోకాల్చికోసైడు అను మందు తయారగును. ఐరోపా ఔషధసంస్థ 2013లో పునఃపరిశీలించి, ఈ మాత్రను పూటకు 8 మి.గ్రా. చొప్పున దినమునకు రెండుమార్లు, ఏడుదినములకు మించక వాడవలెననియు, గర్భవతులు, పాలిచ్చు తల్లులు, పదునాఱేండ్లు నిండని పిల్లలు వాడరాదనియు కట్టడిచేసినది. అట్టి మాత్రను ఇరుగుపొరుగులు చేబదులుగా ఇచ్చిపుచ్చుకొనుట నేను స్వయముగా ఎఱుగుదును.

ఇంతలో నల్లగొండవైపునుండి ఒక గీతకార్మికుని చక్రముల కుర్చీలో తోసికొనుచు ఆయన కుమారుడు లోనికి వచ్చెను. తాటిచెట్టుపై మోకు జాఱి పడుటచే వెన్నుపాము చితికినవారు ఈ విభాగమునకు కొత్త కాదు. ఆయన కాళ్ళు స్వాధీనము తప్పినవేగాని నిశ్చలములు కావు. కదలింపబోయినచో కొయ్యబాఱి, ఒక్కొక్కప్పుడు తమంతట తామే ఎగిరి తన్నును. దీనికి బాక్లోఫెను ఇచ్చుచున్నారు. 1962లో స్విట్జర్లాండునందు సీబా సంస్థలో కెబర్లె అను రసాయనవేత్త మూర్ఛవ్యాధికొఱకు నిర్మించిన ఈ మందు, ఆ వ్యాధికి కొఱగాక, బిగుసుకొనిన అవయవములకు అక్కఱకు వచ్చినది. పూటకు 5 మి.గ్రా. చొప్పున మూడుపూటల మొదలుపెట్టి, కొన్ని దినములకొకసారి కొంచెముకొంచెముగా పెంచుదురు. దినమునకు 80 మి.గ్రా. సాధారణముగా ఎల్ల. కడుపులో తిప్పకుండ అన్నముతోనో పాలతోనో మింగవలెను. మూత్రపిండములు చెడినవారికి ఇది ఒంటిలో పేరుకొని స్పృహ తప్పించును గనుక, ముందు ఆ పరీక్ష కావలెను.

"గోలీ పెంచున్రి మేడం, కాళ్ళు బాగ గుంజుతున్నయి" అని ఆయన వేడెను. ఆమె వెంటనే పెంచలేదు. దుప్పటి తొలగించి మడమలు, పిఱుదులు పుండ్లకై వెదకినది. గోరు లోనికి పెరిగినదేమోయని కాలివ్రేళ్ళు చూచినది. విరేచనమునుగూర్చి, మూత్రపు గొట్టమును గూర్చి అడిగినది. నొప్పి తెలియని శరీరమున ఏ చిన్న బాధయైనను కాళ్ళ బిగువుగానే పైకి వచ్చునట. మూత్రమున మంట పుట్టవలసినచోట ఈయనకు కాళ్ళు గుంజినవి. మూత్రము మడ్డిగా నున్నదని కుమారుడు చెప్పెను. పెంచవలసినది బాక్లోఫెను కాదు, మాన్పవలసినది మూత్రదోషము. మఱియొక సంగతి: అతిగా సడలించినను నష్టమే. కమ్మీలు పట్టుకొని ఈయన నాలుగు నిమిషములు నిలువగలుగుట ఆ బిగువు చలవయే. దానిని పూర్తిగా తీసివేసినచో మోకాళ్ళు క్రుంగిపోవును. ఎంత బిగువు ఉంచవలెనో తేల్చుటయే ఈ వైద్యమునందలి నేర్పని నాకు తోచినది.

మూత్రదోషమునకు మందు వ్రాయునపుడు ఆమె కొంత ఆగి పాతచీటీలు తిరగవేసినది. బాక్లోఫెనుకు బదులు టిజానిడిను వాడువారికి సిప్రోఫ్లాక్సాసిను ఇచ్చినచో, కాలేయము టిజానిడినును విఱుగగొట్టలేక, రక్తమున దాని పాలు ఎన్నోరెట్లు పెరిగి, రక్తపుపోటు దిగజాఱి మనిషి సొమ్మసిల్లును. వెన్నుపాము దెబ్బతినినవారికి మూత్రదోషము మాటిమాటికి వచ్చును. ఊరి షాపులో అడుగకయే చేతికిచ్చు మందు సిప్రోయే. ఈ రెండు నిజములు ఒకేచోట కలియుట ఎంత సులభమో తలంచుకొనగా నాకు గుండె ఝల్లుమనెను.

పిమ్మట కల్లు ప్రశ్న. "మాది చెట్టు కల్లు మేడం, కల్తీ గాదు" అని ఆయన వృత్తిగౌరవముతో నిటారుగా కూర్చుండెను. కల్తీకల్లులో ఆల్ప్రజోలాము, డయజిపాము కలుపుట తెలంగాణమున చిరకాలపు వ్యథ. అందు డయజిపాము తానును కండరములు సడలించునదే. కల్తీ లేనిదైనను కల్లు ఈ మందుతో కూడి నిద్రను, ఊపిరిని అణచును. "చెట్టుదైనా మత్తు మత్తే పెద్దాయనా" అని ఆమె అనగా ఆయన నవ్వెనేగాని మాట ఇయ్యలేదు.

కుమారుడు అంతకుముందు నెలలో జరిగినది చెప్పెను. పండుగకు స్ట్రిప్పు అయిపోయి, ఊరి షాపులో దొరకక, రెండుదినములు మందు లేకపోగా, తండ్రికి ఒళ్ళు కాలి, గోడమీద మనుషులు కనబడి, కాళ్ళు మునుపటికంటె బిగుసుకొనినవట. వైద్యురాలి ముఖమున అంతవఱకు లేని కాఠిన్యము అప్పుడు చూచితిని. బాక్లోఫెనును హఠాత్తుగా మానినచో భ్రాంతి, మూర్ఛలు, ప్రాణాపాయము వఱకు రావచ్చును. మానవలసివచ్చినను వారముల తరబడి మెట్టుమెట్టుగా దిగవలెను. ఆటోవాడు మానక చెడెను, ఈయన మానుటచే చెడబోయెను. ఇద్దఱికిని ఊరివారు చెప్పునది "నరాల గోలీ" అను ఒకే పేరు.

ఆమె చీటీపై రెండు వారములకు అధికముగా మాత్రలు వ్రాసి, క్రింద ఎఱ్ఱసిరాతో "ఆపరాదు" అని తెలుగున వ్రాసినది. మందులిచ్చు కిటికీయొద్ద ఫార్మసిస్టు స్ట్రిప్పులను లెక్కించి, ఉదయము, మధ్యాహ్నము, రాత్రియని గుర్తులు పెట్టి, ఆ చీటీ నకలును సెల్‌ఫోనులో తీసికొమ్మని, పన్ను పీకించుకొనుటకు పోయినను ముందు దానిని చూపుమని కుమారునికి చెప్పి, "ఒక్క స్ట్రిప్పు మిగిలిందంటే అయిపోయిందనే అనుకో తమ్ముడూ, ఆ రోజే బస్సెక్కు" అని కిటికీలోనుండి రెండవ చీటీకై చేయి చాపెను.