వయసైపోయిందన్నారు!

తండ్రి పోయేనాటికి యోహాన్ క్రైఫ్‌కి 12 ఏళ్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అయాక్స్ ఫుట్‌బాల్ క్లబ్బులో తల్లి గదులు ఊడ్చి పిల్లల్ని పెంచింది. ఆ మైదానం దగ్గర్లోనే పెరిగిన కుర్రాడు 1971, 72, 73లలో అదే క్లబ్బుకి వరసగా మూడు యూరోపియన్ కప్పులు గెలిచిపెట్టాడు. ఆపైన స్పెయిన్ వెళ్లి, 14 ఏళ్లుగా లీగ్ టైటిల్‌కి మొహం వాచిన బార్సిలోనాకి 1974లో ఆ ముచ్చటా తీర్చాడు.

1981 చివర్లో మళ్లీ సొంతగూటికి చేరాడు. రెండు సీజన్లూ లీగ్ అయాక్స్‌దే. అయినా 1983లో క్లబ్బు పెద్దలు కాంట్రాక్టు పొడిగించలేదు. 36 ఏళ్లవాడు ఇంకెన్నాళ్లు ఆడతాడని వాళ్ల లెక్క! క్రైఫ్ నేరుగా వెళ్లి ఆగర్భశత్రువు ఫెయనూర్డ్ జట్టులో చేరాడు. సెప్టెంబరులో రెండు జట్లూ తలపడితే అయాక్స్ 8-2తో చిత్తుచేసింది. పెద్దల లెక్కే నిజమేమో అనిపించింది.

కానీ సీజన్ ముగిసేసరికి లీగూ, డచ్ కప్పూ రెండూ ఫెయనూర్డ్‌వే. ఆ జట్టు లీగ్ గెలిచి అప్పటికి పదేళ్లు. 37 ఏళ్ల వయసులో, గెలిచి మరీ బూట్లు విప్పేశాడు క్రైఫ్.

మరుసటి ఏడాది అయాక్సే పిలిచి జట్టు బాధ్యత అప్పగించింది. 2016లో ఆయన కన్నుమూశాడు. తల్లి గదులూడ్చిన ఆ క్లబ్బు 2018 నుంచి ఆడుతున్నది కొడుకు పేరు పెట్టుకున్న స్టేడియంలో!