ఎనిమిదో ఆజ్ఞ దగ్గర ఆగిపోయాను

గుంటూరు,
నవంబరు 2

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొడుకు దగ్గరికని జర్మనీ వెళ్లినవాడివి, విట్టెన్‌బర్గ్ దాకా పోయి, గుడి గడప తొక్కకుండా తిరిగొచ్చానని రాశావు. ఇక్కడున్నప్పుడు ఆదివారం ఆరాధన ఎగ్గొట్టడానికి నీకు కారణం అక్కర్లేదు గానీ, ఇది ఆ బాపతు కాదని అర్థమవుతూనే ఉంది. చివర్లో ఒక్క ప్రశ్న వేసి వదిలేశావు: లూథర్ అంటే నీకింకా గౌరవం ఉందా, అని. మొన్న సంస్కరణ పండగ ఆరాధనలో ఆయన పేరు ఎన్నిసార్లు వినపడిందో అన్నిసార్లూ నీ ప్రశ్న గుర్తొచ్చింది.

నిన్ను గడప దగ్గరే ఆపేసిన ఆ గుడి గోడ మీది బొమ్మ సంగతి నాకు పుస్తకాల్లోనే తెలుసు. ఒక పంది, దాని పొదుగు పట్టుకున్న యూదులు, తోక ఎత్తి చూస్తున్న రబ్బీ. లూథర్ పుట్టడానికి దాదాపు రెండొందల ఏళ్ల ముందే చెక్కారు కాబట్టి అది ఆయన ఖాతాలోది కాదు. అయితే ఆ గుడిలోనే ఏళ్ల తరబడి వాక్యం చెప్పాడు, 1543లో రాసిన ఒక పుస్తకంలో ఆ బొమ్మనే చూపించి యూదులు పవిత్రంగా ఎంచే దేవుని నామాన్ని వెక్కిరించాడు. దాన్ని పీకెయ్యమని వేసిన దావాను అక్కడి పెద్ద కోర్టు 2022లో కొట్టేసింది. కింద నేలలో 1988 నాటి స్మారక ఫలకం, పక్కన వివరణ ఉన్నాయి కదా అన్నారు. ఉంచడమే మేలని నాకూ అనిపిస్తుంది. కాకపోతే నేను యూదుణ్ణి కాను, ఆ మాట అనడం నాకు తేలిక.

అదే 1543లో, అంతకు కొన్ని నెలల ముందు, ఇంకో పుస్తకం రాశాడు, యూదులూ వాళ్ల అబద్ధాలూ అని. వాళ్ల ప్రార్థనాలయాలు తగలబెట్టమన్నాడు, ఇళ్లు కూల్చమన్నాడు, ప్రార్థన పుస్తకాలు లాక్కోమన్నాడు, రబ్బీల నోరు మూయించమన్నాడు, పడుచువాళ్ల చేతికి గొడ్డలీ పారా ఇచ్చి చాకిరీ చేయించమన్నాడు. ప్రార్థన పుస్తకాల దగ్గర నాకు మింగుడు పడనిది ఒకటుంది. లూథర్ హీబ్రూ నేర్చుకున్నది రాయిష్లిన్ 1506లో వేసిన వ్యాకరణంతో. ఆ రాయిష్లిన్ యూదు పండితుల దగ్గర కూర్చుని ఆ భాష నేర్చుకున్నవాడు, వాళ్ల పుస్తకాలు కాల్చొద్దని వాదించి తిప్పలు పడ్డవాడు. ఎవరి అక్షరాలు దిద్దుకుని పాత నిబంధనను జర్మన్‌లోకి తెచ్చాడో, వాళ్ల చేతిలోని పుస్తకాలే లాక్కోమన్నాడు.

ఆ కాలమే అలాంటిదని మన అయ్యగార్లు అంటారు. నేనూ చాలా ఏళ్లు అదే చెప్పాను. కానీ ఆ కాలంలోనే రాయిష్లిన్ ఉన్నాడు. న్యూరెంబర్గ్‌లో లూథర్ పక్షంవాడే ఒసియాండర్, యూదులు క్రైస్తవ పిల్లల్ని చంపుతారన్న పుకారు అబద్ధమని రాశాడు. వాళ్లదాకా ఎందుకు, 1523 నాటి లూథర్ ఉన్నాడు. యేసు పుట్టుకతో యూదుడేనని, వాళ్లను కుక్కల్లా చూడటం మానమని పుస్తకమే రాశాడు. కాకపోతే ఆ దయ వెనక ఒక లెక్క ఉంది: ఇలా ఆదరిస్తే మన మతంలోకి వస్తారని. వాళ్లు రాలేదు. 1537లో యూదుల తరఫున యోసెల్ అనే పెద్దాయన తమ కోసం ఒక మాట చెప్పమని కలవబోతే, కలవనే లేదు.

జబ్బులవల్ల అలా అయ్యాడంటారు ఇంకొందరు. మూత్రపిండాల్లో రాళ్లు, తలతిప్పు, వాటన్నిటికీ మించి 1542 సెప్టెంబరులో పదమూడేళ్ల కూతురు మగ్దలేనా ఆయన చేతుల్లోనే పోవడం. ఆ తండ్రి మీద నాకు జాలి ఉంది. కానీ చచ్చిపోయే ముందు, 1546 ఫిబ్రవరిలో, ఐస్లెబెన్ నుంచి భార్య కాథరీనాకి రాసిన ఉత్తరం చదువు. దుఃఖంలో ఉన్నవాడి రాత కాదది. పెళ్లాంతో సరసమాడుతూ, దారిలో యూదులున్న ఊరి పక్కగా వస్తుంటే చలిగాలి కొట్టిందని, అది వాళ్ల పనేనేమోనని చమత్కరించి, ఇక్కడి పని తెమలగానే వాళ్లను వెళ్లగొట్టే సంగతి చూడాలని రాశాడు. కేకలు వేసిన పుస్తకం కంటే, ముద్దుగా రాసిన ఆ ఉత్తరం నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇక 1525. యూదుల సంగతి మనకి దూరం అనుకున్నా, ఇది దూరం కాదు. జర్మన్ రైతులు పన్నెండు కోరికలు రాసుకున్నారు: మా పాదిరిని మేమే ఎన్నుకుంటాం, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, క్రీస్తు అందరినీ తన రక్తంతో కొన్నాడు కాబట్టి మేం ఎవరి సొత్తూ కాము. ఆ చివరి మాట వాళ్లకి ఎక్కడిది? లూథర్ దగ్గర విన్నదే. ఆయన మొదట దొరలకీ రైతులకీ ఇద్దరికీ బుద్ధి చెప్పాడు. దాడులు మొదలయ్యేసరికి, పిచ్చికుక్కను కొట్టినట్టు వాళ్లను కొట్టి చంపమని దొరలకు రాసిచ్చాడు. ఫ్రాంకెన్‌హౌజెన్‌లో మే నెలలో ఒక్క రోజే వేలమంది పోయారు. మా తాత పాలేరు. మీ తాతా అంతే. ఆ మే నెలలో వాళ్లు అక్కడుండి ఉంటే ఏ వైపు నిలబడేవాళ్లో నిన్ను అడగక్కర్లేదు.

అయినా ఆ పాలేరు తాత చేతికి మొదట వచ్చిన అచ్చు పుస్తకం లూథర్ చిన్న ప్రశ్నోత్తరే. మిషనరీ హాయర్ అయ్యగారు 1842లో గుంటూరు రావడానికి దాదాపు వందేళ్లు ముందే, 1740ల్లో, షుల్ట్స్ అనే మిషనరీ దాన్ని తెలుగులో, జర్మనీలోని హాలేలో అచ్చు వేయించాడు. పుట్టుకా పుణ్యమూ చూడకుండా దేవుడు మనిషిని ఊరికే నీతిమంతుడిగా ఎంచుతాడన్న మాట ఊరి చివర మనిషికి ఎలా వినపడి ఉంటుందో నువ్వే ఊహించుకో. అది లూథర్ ఇచ్చిందే. దాన్ని కాదనలేను, కాదనను.

అయితే ఈ రెంటినీ తక్కెడలో వేసి ఎటు మొగ్గుతుందో చూడటం నావల్ల కావడం లేదు. తాత నిలబడ్డానికి చోటిచ్చిన మాటని ఒక పళ్లెంలో, కాలిన ప్రార్థనాలయాన్ని ఇంకో పళ్లెంలో వేసే అధికారం నాకెవరిచ్చారు? 1938 నవంబరులో నాజీలు ప్రార్థనాలయాలు తగలబెట్టినప్పుడు, ఇది లూథర్ పుట్టినరోజున జరిగిందని సంబరపడి కరపత్రం వేసినవాడు జర్మనీలో ఒక లూథరన్ బిషప్పు. నాజీలను ఎదిరించి ఉరికంబం ఎక్కిన బోన్‌హోఫర్ కూడా లూథరనే. ఇద్దరూ అదే ప్రశ్నోత్తరి చదువుకున్నవాళ్లు.

మనిషి ఒకేసారి నీతిమంతుడూ పాపీ అని లూథరే అన్నాడు కదా, ఆయనా అంతే, అని తేల్చేస్తారు. ఆ మాట పాపి తన నోటితో ఒప్పుకునేటప్పుడు చెప్పుకునేది. దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత మనవలం ఆయన తరఫున సర్టిఫికెట్ రాసిచ్చేది కాదు. ఆయన ఒప్పుకోలేదు. ఐస్లెబెన్‌లో చివరి ప్రసంగాల్లోనూ యూదుల మీద హెచ్చరిక తగిలించే పోయాడు. ఆ రాతల్ని మేం తిరస్కరిస్తున్నామని అమెరికా లూథరన్లు 1994లో చెప్పారు. ఆయన చెప్పాల్సింది వాళ్లు చెప్పారు.

నిర్ధారణ తరగతిలో ఎనిమిదో ఆజ్ఞ అప్పజెప్పలేక మనిద్దరం బయట నిలబడ్డాం, గుర్తుందా? బాప్టిస్టులకి తొమ్మిదోది, మనకి ఎనిమిదోది: అబద్ధ సాక్ష్యం. 1529లో లూథర్ దానికి రాసిన వివరణ ఇప్పుడు తడుముకోకుండా చెప్పగలను. పొరుగువాడి పేరు చెడగొట్టకూడదని, వాడి తరఫున మాట్లాడాలని, వాడు చేసిందాన్ని వీలైనంత మంచిగా అర్థం చెప్పాలని దాని సారం. ఇంతకంటే మంచి మాట ఆయన రాయలేదేమో. పద్నాలుగేళ్ల తర్వాత దాన్ని తనే తొక్కేశాడు. లూథర్ చేసిందాన్ని కూడా మనం మంచిగా అర్థం చెప్పాలి కదా అని నువ్వు మెలిక పెడతావు, నాకు తెలుసు. చెప్తాను, ముందు ఆయన ఎవరి పేరు చెడగొట్టాడో వాళ్ల తరఫున మాట్లాడాక. వరుస అదే.

కాబట్టి గౌరవం అన్న నీ మాట పక్కన పెట్టు. అప్పు ఉంది. అప్పిచ్చినవాడి తప్పు చెప్పినంత మాత్రాన అప్పు తీరదు, అప్పున్నామని నోరు మూసుకోనూ అక్కర్లేదు. వచ్చే నెల నిర్ధారణ పిల్లలకి పాఠం చెప్పే వంతు నాది. ఎనిమిదో ఆజ్ఞ రోజున 1543 సంగతీ చెప్తానన్నాను. పిల్లలకి ఇదంతా ఎందుకని సంఘ పెద్దలు గొణిగారు. చూద్దాం.

నీకు వీలైతే ఇంకోసారి వెళ్లి, ఆ నేల మీది ఫలకం ఫొటో తీసి పంపు, అక్షరాలు కనపడేలా. లోపలికీ వెళ్లు, వెళ్లకపోయినా సరే. నీ పాత ప్రశ్నోత్తరి ఇంకా నా బీరువాలోనే ఉంది, అట్ట ఊడిపోయింది. నువ్వు సంక్రాంతికి వచ్చేలోగా బైండు చేయించి పెడతాను.

ఇట్లు
నీ పక్క బెంచీవాడు