అమ్మ కట్టిన బొంబాయి, నేను చూసిన బొంబాయి

(ఊరు దాటిన కాళ్ళు – 7వ భాగం)

మనోళ్ళు పట్నాలకు పోతారు. కూలికి పోతారు, పెద్దాసుపత్రికి పోతారు, కోర్టు వాయిదాలకు పోతారు, ఎవరిదో జెండా పట్టుకుని లారీల్లో మీటింగులకు పోతారు. చూడటానికి మాత్రం పోరు. "ఊరు చూసొద్దాం పా" అన్న మాట మన వాడల్లో ఎంతమంది నోట విన్నారో గుర్తు చేసుకోండి. ఎవడైనా అట్లా పోతే "పనీ పాటా లేదు వానికి" అంటాం. ఒక కట్టడం ముందు నిలబడి తలెత్తి తీరుబడిగా చూడటం డబ్బున్నోళ్ళ పని అని మనకు మనమే తీర్పు చెప్పుకున్నాం. ఆ తీర్పు మీద నా కొట్లాటే ఈ వ్యాసాలు. ఈసారి బొంబాయి.

కాగితాల మీద అది 1995 నుంచి ముంబై. మా పాలమూరోళ్ళకు ఇప్పటికీ బొంబాయే. మా జిల్లాలో 'బొంబాయి' అంటే ఊరి పేరు కాదు, ఒక పని పేరు. "ఆయన ఏడున్నడు?" అంటే "బొంబాయి పోయిండు" అంటారు. అంటే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలి, బిల్డింగు పనికి పోయిండని అర్థం. మా అమ్మ అట్లా తొమ్మిదేళ్ళు పోయింది. ఇసుక మోసింది, కంకర మోసింది, వారం వారం ఖర్చీ తీసుకుంది, మిగతా లెక్క మేస్త్రి నోట్లో ఉండేది. చిన్నప్పుడు అడిగేవాణ్ణి, "అమ్మా, బొంబాయిల ఏం చూసినవే?" అని. "ఏం చూస్త బిడ్డా, నెత్తి మీద గంప ఉంటే కింద కాళ్ళు చూసుకోవాలె గాని" అనేది. తొమ్మిదేళ్ళలో సముద్రం చూడలేదు. బొంబాయిలో ఉండి సముద్రం చూడలేదు!

అందుకే నేను చూడటానికే పోయాను. డిసెంబర్ 3న నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కాను. తెల్లారకముందే ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో దిగాను. ఆ స్టేషనే మొదట చూడాల్సింది, దానికి టికెట్టు లేదు. 1878లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రోడ్డు అవతలికి దాటి వెనక్కి తిరిగి చూడండి. గోడల మీద జంతువులు, ఆకులు, మనుషుల ముఖాలు చెక్కి ఉంటాయి. గైడు పుస్తకాల్లో ఆర్కిటెక్టు స్టీవెన్స్ పేరుంటుంది. రాళ్ళు మోసినోళ్ళ పేర్లుండవు. ఈ మాట ఈ వ్యాసంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు బస సంగతి. తక్కువ ఖర్చుతో తిరిగేటోళ్ళకు బొంబాయిలో అసలు కష్టం అదే. మొదట అడిగిన లాడ్జిలో కౌంటర్ మీదున్నాయన "రూముంది" అన్నాడు. ఆధార్ కార్డు తీయడానికి బ్యాగు ముందుకు తిప్పాను. బ్యాగుకు నీలం బ్యాడ్జీ, దాని మీద బాబాసాహెబ్ బొమ్మ. ఆయన చూపు అక్కడ ఆగింది. "ఆరో తారీఖు దాకా ఖాళీ లేదు" అన్నాడు. నేను ఇంకా మెట్ల మీద ఉండగానే నా వెనకొచ్చిన ఇద్దరికి తాళం చెయ్యి ఇచ్చాడు. నేను తిరిగిపోయి "ఇప్పుడెట్లా ఖాళీ అయింది?" అని అడిగాను. "మీవాళ్ళు ఒకరని వచ్చి పదిమంది దిగుతారు" అన్నాడు. బ్యాడ్జీ తీసి బ్యాగులో వేసుకుంటే రూము దొరికేదే. తీయలేదు. మస్జిద్ బందర్ వైపు నడిచిపోతే ఒక ముస్లిం పెద్దాయన నడిపే డార్మిటరీలో 400కు మంచం దొరికింది. ఆయన బ్యాడ్జీ చూసి "దాదర్ పోతున్నావా బేటా?" అని మాత్రం అడిగాడు.

ఫోర్ట్ ప్రాంతమంతా కాలినడకనే చూడొచ్చు. సీఎస్‌టీ నుంచి దాదాభాయి నౌరోజీ రోడ్డు పట్టుకుని దక్షిణానికి నడవండి. ఆ దారిలోనే సిద్ధార్థ కాలేజీ వస్తుంది. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో ఈ కాలేజీ మొదలుపెట్టాడు. పగలు పని చేసుకునే పిల్లలు కూడా చదువుకోవాలని పొద్దున్నే తరగతులు నడిపించారు. ఇంకొంచెం ముందుకు పోతే కాలా ఘోడాలో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ. ఆయన 1912లో అక్కడే బి.ఏ. పూర్తి చేశాడు. అంతకు ముందు హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే కుదరదన్నారు, పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. పర్యాటకులు ఆ కాలేజీ ముందు కమానులకు ఫోటోలు తీసుకుంటుంటారు. నేనూ తీసుకున్నాను.

అక్కడి నుంచి పది పదిహేను నిమిషాల నడకలో గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911లో ఐదో జార్జి చక్రవర్తి దిగిన గుర్తుగా కట్టింది. ఆయన వచ్చిననాటికి అక్కడ ఈ రాతి కట్టడం లేదు. పునాదిరాయి 1913లో వేశారు, కట్టడం 1924కు అయింది. 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ పటాలం ఇక్కడి నుంచే ఓడెక్కింది. రాజు వచ్చిన తారీఖుంది, పటాలం పోయిన తారీఖుంది. నా మనసులో ఇంకో తారీఖు ఉంది. 1913లోనే, గేట్‌వేకు పునాది వేసిన ఏడాదే, బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు మీద ఒక మహర్ యువకుడు ఈ బొంబాయి రేవు నుంచే న్యూయార్కుకు ఓడెక్కాడు. 1917లో తిరిగొచ్చేటప్పుడు సామాన్లు వేరే ఓడలో వేస్తే, యుద్ధంలో టార్పెడో తగిలి ఆ ఓడ మునిగింది. ఆయన కొనుక్కున్న పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. గేట్‌వే దగ్గర శివాజీ విగ్రహముంది, వివేకానందుడి విగ్రహముంది. ఈ ప్రయాణం సంగతి చెప్పే పలక నాకు ఎక్కడా కనబడలేదు. మీరు పోయినప్పుడు పక్కనున్న పిల్లలకు మీరే చెప్పండి.

గేట్‌వే రేవును పర్యాటకుల కోసం తుడిచి పెట్టారు. పని చేసే రేవు చూడాలంటే హార్బర్ లైన్ లోకల్ ఎక్కాలి. సెకండ్ క్లాసు టికెట్టు 5 రూపాయలు. మస్జిద్, శాండ్‌హర్స్ట్ రోడ్, డాక్‌యార్డ్ రోడ్, రే రోడ్, కాటన్ గ్రీన్, శివ్డీ. స్టేషన్ల పేర్లు వింటేనే తెలుస్తుంది, ఓడ మీద సరుకు, పత్తి, వాటిని మోసిన వీపులు. డాక్‌యార్డ్ రోడ్‌లో దిగితే 'భావూచా ధక్కా' దగ్గర. అక్కడ పొద్దున్నే చేపల వేలం చూడొచ్చు. రే రోడ్ దగ్గర దారూఖానాలో పాత ఓడలను విప్పి ఇనుము అమ్ముతారు. శివ్డీలో బురద మేటల మీద చలికాలం నుంచి ఎండాకాలం దాకా ఫ్లెమింగోలు వాలతాయి. అక్కడి నుంచే 2024 జనవరిలో మొదలైన అటల్ సేతు సముద్రం మీదికి పోతుంది. దాదాపు 22 కిలోమీటర్లు. దాని మీద బైకులను, ఆటోలను రానివ్వరు. అంటే కట్టిన కూలీ తన బండి మీద దాన్ని దాటలేడు.

ఈ రేవులోనే విక్టోరియా డాక్‌లో 1944 ఏప్రిల్ 14న ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలింది. ఒకే ఓడలో పత్తి బేళ్ళు, పేలుడు సామగ్రి, బంగారు కడ్డీలు. మంటలార్పడానికి పోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. రేవు కూలీలు, చుట్టుపక్కల బస్తీల జనం వందల్లో పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరిపేది అందుకే. ఆ రోజు బాబాసాహెబ్‌కు 53 నిండాయి. అప్పుడాయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నాడు. మనం ఏప్రిల్ 14న దండలు వేసేటప్పుడు ఈ రేవు కూలీలను కూడా తలచుకుంటే బాగుంటుంది.

కాటన్ గ్రీన్ నుంచి పడమరకు పోతే పరేల్. ఒకప్పటి మిల్లుల ప్రాంతం. ఇప్పుడు ఆ చిమ్నీల జాగాలో మాల్స్, అద్దాల ఆఫీసులు. ఆ మిల్లుల్లో మన తెలంగాణ పద్మశాలీలు కూడా నేశారు. కానీ జీతం ఎక్కువొచ్చే నేత ఖాతాలోకి అంటరానివాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగులుతుందని అడ్డం. 1928 మహా సమ్మెలో బాబాసాహెబ్ ఈ ప్రశ్న ఎత్తి, ముందు దీన్ని తేల్చండని కార్మిక నాయకులను నిలదీశాడు. మిల్లు మూతబడింది గాని ఆ ప్రశ్న మూతబడలేదు.

పరేల్‌లోనే బీఐటీ చాల్ ఉంది. బాబాసాహెబ్ సంసారం రెండు చిన్న గదుల్లో ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే నడిచింది. తర్వాత దాదర్ హిందూ కాలనీలో పుస్తకాల కోసమే రాజగృహ కట్టుకున్నాడు. చాల్‌లో ఇప్పటికీ కుటుంబాలున్నాయి. వరండాలో బట్టలు ఆరేస్తున్న ఒకామె నన్ను చూసి, అడగకముందే చేత్తో పైకి చూపించింది. రోజూ ఎవరో ఒకరు వస్తారట.

మర్నాడు గ్రాంట్ రోడ్‌లో దిగి కామాఠీపురా పోయాను. ఆ పేరు చెప్తే జనం కళ్ళు వేరేలా పెడతారు. కానీ ఆ పేరు మనది. తెలుగు నేల నుంచి పోయి ఇళ్ళు, రోడ్లు కట్టిన కామాఠీల పేరు మీద ఆ వాడ పుట్టింది. నామ్‌దేవ్ ఢసాల్ 1972లో 'గోల్‌పిఠా' రాసింది ఈ వీధుల బతుకు మీదే, దళిత్ పాంథర్స్ పుట్టిందీ ఆ ఏడాదే. ఒక చాయ్ కొట్టు దగ్గర తెలుగు వినబడి నిలబడ్డాను. "ఏ ఊరు తమ్మీ మనది?" అన్నాడొక పెద్దాయన. చెప్పాను. చాయ్ ఇప్పించాడు. రెండో గుక్క మింగకముందే "ఏమోళ్ళు మీరు?" అన్నాడు. రెండు తరాల కింద వచ్చిన కుటుంబం, మనవలకు తెలుగు రాదు, ఆ ప్రశ్న మాత్రం పదిలంగా తెచ్చుకున్నారు. "మాదిగోళ్ళం" అన్నాను. కాసేపు మౌనం. గ్లాసు మాత్రం వేరే పెట్టలేదు. "మా తాతల కాలంల ఇట్ల కూసునుడు లేకుండె" అన్నాడు. బొంబాయి అంతవరకు మార్చింది. మిగతాది మనం మార్చాలి.

డిసెంబర్ 5 రాత్రి శివాజీ పార్కులో పడుకున్నాను. 1956 డిసెంబర్ 7న బాబాసాహెబ్‌ను దహనం చేసిన దాదర్ చౌపాటీలో చైత్యభూమి ఉంది. ఏటా 6వ తారీఖుకు లక్షల మంది వస్తారు. మునిసిపాలిటీ పందిళ్ళు వేస్తుంది, సంఘాలు అన్నం పెడతాయి. మైదానమంతా పుస్తకాల దుకాణాలు. కొందరు నగరవాసులు ఆ రెండు రోజులు "ట్రాఫిక్, చెత్త" అని మూతి ముడుస్తారు. ఇంతమంది బీదోళ్ళు సొంత ఖర్చుతో వచ్చి పుస్తకాలు కొనుక్కుపోయే సభ ఇంకొకటి చూపించమనండి.

నా పక్క చాప మీద నాందేడ్ జిల్లా ధర్మాబాద్ దిక్కు నుంచి వచ్చిన ముసలామె. సరిహద్దు ఊరు కాబట్టి తెలుగు వచ్చు. "కూలికి వస్తుంటివా అవ్వా బొంబాయికి?" అని అడిగాను. "నేనెందుకొస్త కూలికి? మా ఊర్లనే చేసుకుంట. ఈడికి బాబా కోసమే వస్త. ఏడేడు వస్త. దండం పెట్టి, సముద్రం చూసి, గేట్‌వే చూసి పోత" అంది. 7వ తారీఖు పొద్దున వాళ్ళ ఊరోళ్ళు ఇరవై మందితో కలిసి నేనూ గేట్‌వేకు పోయాను. ఆమె తాజ్ హోటల్ వైపు వీపు పెట్టి, గట్టు మీద కూర్చుని, గంటసేపు ఓడలు చూసింది. ఎవరి అనుమతీ అడగలేదు. మా అమ్మ వయసే ఉంటుంది.

ఆ గంటలో నాకు తేటపడింది. కూలికి పిలిచిన బొంబాయి మా అమ్మను తల దించుకునేట్టు చేసింది. బాబాసాహెబ్ పిలిచిన బొంబాయి ఈమెకు తలెత్తి చూడటం నేర్పింది. ఊరు అదే, పిలిచింది ఎవరన్నదే తేడా.

ఇక లెక్క. రానూపోనూ జనరల్ టికెట్లు 500 లోపు. డార్మిటరీ రెండు రాత్రులు 800. తిండి 600, ఎక్కువగా వడాపావ్, ఉసల్ పావ్. లోకల్ రైళ్ళు, బస్సులు 150. పుస్తకాలు 900. మొత్తం 2950. లోకల్‌లో పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లో బ్యాగుతో ఎక్కకండి. ఎలిఫెంటా గుహలు చూడాలనుకుంటే సోమవారం పోకండి, మూసి ఉంటాయి. బ్యాడ్జీ మాత్రం తీయకండి.

మీ వాడ నుంచి బొంబాయికి పోయినోళ్ళు ఉంటే ఈ ఆదివారం వాళ్ళ పక్కన కూర్చుని, ఏ బిల్డింగు కట్టారు, ఎక్కడ కట్టారు అని అడిగి రాసిపెట్టండి. గైడు పుస్తకాలు రాయనిది మనమే రాసుకోవాలి. వచ్చే భాగంలో విశాఖ రేవు, దాని కోసం ఖాళీ అయిన ఊర్ల సంగతి.

జై భీమ్.