వలిసె పువ్వుకు నాలుగు వేళ్ళ ఎడం

అరకు వెళ్ళివచ్చిన వారందరి దగ్గరా దాదాపు ఒకే ఫొటో ఉంటుంది. పసుపుపచ్చని వలిసె చేను, వెనుక నీలికొండలు, నడుమ చేతులు బారచాపి నిలుచున్న మనిషి. నా దగ్గరా ఉంది. 2016 డిసెంబరులో తీయించుకున్నది. ఇంటికి వచ్చి దానిని పెద్దది చేసి చూసుకుంటే ఒక సంగతి తట్టింది. అందులో పసుపు రంగుంది గానీ పువ్వు లేదు. అంత దూరం వెళ్ళి, నడుం లోతు పూలలో నిలబడి, ఒక్క పువ్వునైనా చూడకుండా వచ్చానన్నమాట! క్లోజప్ పిచ్చి నాకు అంటుకున్నది అక్కడే.

అసలు సిసలు మాక్రో లెన్సు వెల అడిగి, మర్యాదగా దుకాణం మెట్లు దిగి వచ్చేశాను. ఆ డబ్బుతో ఇంట్లో ఫ్రిజ్జు మార్చవచ్చు. పేదవాడి కోపం పెదవికి చేటంటారు గానీ, పేదవాడి కుతూహలం అంత చేటు కాదు. వెతికితే మూడు దారులు కనిపించాయి. మూడింటికీ కలిపి నాకైన ఖర్చు రెండు వేల లోపే.

మొదటిది రివర్స్ రింగు. చిన్న అల్యూమినియం కట్టు. దీని సాయంతో లెన్సును తలకిందులుగా, అంటే ముందు భాగం కెమెరా వైపుకు, వెనుక భాగం లోకం వైపుకు వచ్చేలా బిగిస్తాము. మామూలుగా లెన్సు చేసే పని దూరాన ఉన్న పెద్ద దృశ్యాన్ని దగ్గరనున్న చిన్న ఫిల్ముమీదికి కుదించడం. తిప్పి బిగిస్తే ఆ పని కూడా తిరగబడుతుంది. చిన్నది పెద్దదవుతుంది. మా నాన్నగారి పాత ఫిల్ము కెమెరాకు ఉండే 50 మి.మీ. లెన్సు బీరువాలో పడి ఉండేది. దానికి ఎపర్చరు తిప్పే వలయం లెన్సు మీదే ఉండడం నా అదృష్టం. ఈ కాలపు లెన్సులకు ఆ వలయం ఉండదు, తిప్పి బిగిస్తే కెమెరాతో మాట బంద్. చిక్కల్లా ఎడంతోనే. ఇలా తీసేటప్పుడు పువ్వుకూ లెన్సుకూ మధ్య నాలుగు వేళ్ళ ఎడం మించి ఉండదు.

రెండోది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. లోపల గాజు ఏమీ లేని వట్టి గొట్టాలు. లెన్సును కెమెరా నుంచి ముందుకు జరపడమే వాటి పని. నేను కొన్న చవక జతలో 7, 14, 28 మిల్లీమీటర్ల గొట్టాలున్నాయి. మూడూ కలిపితే 49. దానిని 50 మి.మీ. లెన్సుకు తగిలిస్తే వస్తువు తన అసలు పరిమాణంలోనే సెన్సారు మీద పడుతుంది. గాజు లేదు గనుక నాణ్యం చెడదు, కానీ వెలుతురు తగ్గుతుంది. ఆ స్థాయి పెద్దరికానికి మనం చెల్లించే సుంకం రెండు స్టాపులు. అంటే నాలుగో వంతు వెలుగే మిగులుతుంది.

మూడోది క్లోజప్ ఫిల్టర్లు. నిజానికి ఇవి ఫిల్టర్లు కావు, లెన్సుకు పెట్టే చత్వారపు కళ్ళజోళ్ళు. +1, +2, +4, +10 అని డయాప్టర్లలోనే అమ్ముతారు. లెక్క కూడా కళ్ళజోడు లెక్కే. +2 పెడితే, అనంతానికి ఫోకస్ చేసిన లెన్సు అర మీటరు దూరాన్ని స్పష్టంగా చూస్తుంది. +10 పెడితే పది సెంటీమీటర్లను. ఒంటి గాజువి గనుక అంచులు మసకబారతాయి, తెల్లని వస్తువు చుట్టూ ఊదారంగు గీత కనిపిస్తుంది. అందుకే వాటిని తక్కువ చూపు చూసి సంచి అడుగున పడేశాను.

2017 డిసెంబరులో ఈ సరంజామాతో మళ్ళీ బయలుదేరాను. విశాఖ నుంచి కిరండూల్ పాసెంజరు సొరంగాలన్నీ దాటుకుని అరకు చేరేసరికి పొద్దు బాగా ఎక్కుతుంది. అప్పటికి ఎండ ముదిరి గాలి లేస్తుంది. ఒక్క మిల్లీమీటరు మందమే స్పష్టంగా కనిపించే ఫొటోలో గాలిని మించిన శత్రువు లేదు. కాబట్టి రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు చీకటితోనే చాపరాయి దారి పట్టాను. మంచు కొండల నడుముకు చుట్టుకుని ఉంది. చలికి తేనెటీగ ఒకటి రెక్కలు ముడిచి పువ్వు మీదే బిగుసుకుపోయింది. నాకింకేం కావాలి?

రివర్స్ రింగు బిగించి, వంగి, ఊపిరి బిగబట్టి చూశాను. పువ్వు మాయమైంది! మనం పువ్వు అనుకున్నది నిజానికి పువ్వు కాదు, పూల ఊరు. చుట్టూ రేకుల్లా కనిపించే ఎనిమిదీ ఎనిమిది పూలు. వాటి చివరలు మూడు నొక్కులుగా చీలి ఉన్నాయి. నడుమ గుండ్రటి దిమ్మె లాంటి భాగంలో మరికొన్ని పదుల చిన్న పూలు. ఒక్కొక్కటీ అయిదు కొనల నక్షత్రం. అంచున ఉన్నవి ముందు విచ్చుకుంటున్నాయి, మధ్యనున్నవి ఇంకా మొగ్గలు. పొద్దుతిరుగుడూ చామంతీ ఇదే కుటుంబమని ఎప్పుడో చదివినదే. కానీ చదవడం వేరు, చూడడం వేరు. ఇంకొంచెం ముందుకు జరిగాను. ఇంకొంచెం. ఈ పక్కనుంచి ఒకటి, ఆ పక్కనుంచి ఒకటి.

"పువ్వు కోసం వొంగున్నావు గానీ బాబూ, కాళ్ళ కిందేటున్నాదో చూసుకున్నావా?"

వెనుక గట్టు మీద ఒక పెద్దావిడ. భుజాల చుట్టూ దుప్పటి, చేతిలో కొడవలి. కిందికి చూశాను. నేను నడిచిన మేరా మొక్కలు ఒరిగి, విరిగి, మట్టిలో అతుక్కుపోయి ఉన్నాయి. లెక్కపెట్టాను. పదకొండు.

ఏమనాలో తెలియక, "తప్పైపోయిందమ్మా" అంటూ కెమెరా తెర చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు. అంత చక్కని ఫొటో చూస్తే కోపం పోతుందనుకున్నానేమో. ఆవిడ తల వాల్చి చాలాసేపు చూసింది. నడిమి నక్షత్రాల మీద వేలు పెట్టి, "ఇయన్నీ గింజలే కదా" అంది.

నేను పూలని చూసినవి ఆవిడకు గింజలు. నాకు లెన్సుతో గాని తెలియని సంగతి ఆవిడకు చేట చెరిగిన చేతులతో తెలుసు. చేలో దిగి ఫొటోలు తీసుకునే వారి దగ్గర తీసుకునేటట్టే ఇరవై రూపాయలు అడిగింది. వంద ఇవ్వబోతే చిల్లర లేదంది. ఉంచుకోమన్నాను. "ఒద్దు. రేపొచ్చి ఇద్దువు. గట్టు మీద కూకోని తీసుకో" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి గదిలో కూర్చుని లెక్క వేశాను. ఒక మొక్కకు సుమారు ముప్పై పూలు. పువ్వులోని చిన్న పూలన్నీ గింజలు కావు, ఇరవై గింజలు కడతాయనుకుందాం. పదకొండు మొక్కలకు ఆరువేల ఆరువందల గింజలు. వేయి గింజలు మూడు నుంచి అయిదు గ్రాములు తూగుతాయి. మొత్తం పాతిక గ్రాములు. గానుగాడిస్తే రెండు చెంచాల నూనె. ఇంతేనా అనిపించి మొదట మనసు తేలికపడింది, అబద్ధమెందుకు! తరువాత, మొదటి ఏడాది నేను నిలబడి ఫొటో తీయించుకున్న చోటు గుర్తొచ్చింది. అక్కడ మొక్కే లేదు. గది వెడల్పున నేల చదునుగా ఉంది. ఫొటోకు ఎంత బాగా కుదిరింది చోటు, అనుకున్నాను అప్పుడు. నాలాంటి రెండు చెంచాల వాళ్ళు ఎందరు కలిసి చేసిన చోటది?

మర్నాడు ఆవిడ చేను దగ్గరకు వెళ్ళాను. ఇరవై ఇచ్చాను. గట్టు మీదే కూర్చున్నాను. నాలుగు వేళ్ళ ఎడం నుంచి చూసే రింగు ఇక్కడ పనికిరాదు. అప్పుడు సంచి అడుగు నుంచి ఆ +2 ఫిల్టరు తీసి, 70-300 జూమ్ లెన్సు ముందు బిగించాను. 300 దగ్గర అర మీటరు దూరం నుంచి వస్తువు అసలు పరిమాణంలో అరవై శాతం పడుతుంది. రింగు ఇచ్చినంత పెద్దది కాదు. అంచులు మసకే, ఊదా గీత ఉండనే ఉంది. కానీ కాలు గట్టు దాటనక్కరలేదు. ఎపర్చరు 11కు మూస్తే మసక కొంత తగ్గింది. థర్మోకోల్ పళ్ళెం ఒకటి ఎదురుగా పట్టి ఎండను పువ్వు మీదికి తిప్పాను.

దూరంగా ఉన్నందువల్ల నిన్న చూడనిది ఇవాళ చూశాను. మంచు విడిచాక తేనెటీగలు లేచి పని మొదలుపెట్టాయి. నిన్న నా నీడ పడి ఒక్కటీ దగ్గరకు రాలేదు. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు, వేరే మొక్క పుప్పొడి రావాలి, తేవలసింది ఈగలే. కాళ్ళకు పసుపు ముద్దలతో అవి ఒక్కో నక్షత్రంలో మూతి పెట్టి తీస్తుంటే, నిన్నటి లెక్కలోని గింజలు నా ఎదుటే తయారవుతున్నట్టు ఉంది. అన్నట్టు ఈ వలిసె పుట్టిల్లు ఇథియోపియా. అరకుకు పేరు తెచ్చిన అరబికా కాఫీ పుట్టిల్లూ అదే. పుట్టినిల్లు ఒకటైన రెండు మొక్కలు ఈ కొండల్లో మళ్ళీ ఇరుగుపొరుగయ్యాయి. ఒకటి నీడన, ఒకటి ఎండన.

రెండు రోజుల ఫొటోలూ ఇప్పటికీ ఉన్నాయి నా దగ్గర. పనితనం చూస్తే మొదటి రోజువే మేలు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నక్షత్రపు కొనలు సూదుల్లా ఉంటాయి. అయినా ఎవరికైనా చూపించవలసి వస్తే రెండో రోజువే తీస్తాను. మొదటివి చూసినప్పుడల్లా ఫ్రేము బయట నా కాళ్ళు కనిపిస్తాయి.

డిసెంబరులో అరకు వెళ్ళే ఆలోచన మీకుంటే ఒక +2 ఫిల్టరు జేబులో వేసుకోండి. బరువు లేదు, వెల లేదు. గట్లు వెడల్పుగానే ఉంటాయి. ఇరవై రూపాయలకు చిల్లర మాత్రం ఉంచుకోండి.