అబ్బా పనిముట్ల పెట్టె

తుప్పు పట్టిన వస్తువును పారవేయడం సులభం. ఆ తుప్పు ఎవరి నిర్లక్ష్యం వలన పట్టినదో ఆలోచించడం కష్టం. ఏలూరులోని మా ఇంటి మెట్ల క్రింద మా అబ్బా పనిముట్ల పెట్టె, వారు అల్లా సన్నిధికి చేరిన నాటి నుండి అట్లే పడి ఉండెను. దానిని దాటి కళాశాలకు వెళ్ళివచ్చే మేము ఒక్కనాడైనా మూత ఎత్తి చూచిన పాపాన పోలేదు.

మా అబ్బా ఆయిల్ ఇంజిన్ల మేస్త్రీ. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటి చుట్టుప్రక్కల, వరి చేలకూ చేపల చెరువులకూ నీరు తోడే ఇంజిను మొరాయిస్తే వారికి కబురు వచ్చేది. సైకిలు వెనుక ఈ పెట్టెను త్రాడుతో కట్టుకొని ఏ వేళనైనా బయలుదేరేవారు. కొల్లేరు 1999లో అభయారణ్యమయింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ గుర్తింపు పొందింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట సరస్సులోని చేపల చెరువుల గట్లు కొట్టివేయబడ్డాయి. సరస్సుకు అది అవసరమే. మా అబ్బాకు మాత్రం ఆ ప్రక్క పని తగ్గిపోయింది. ఆ తరువాత కొద్ది కాలానికే మేము డిగ్రీలో చేరాము. దరఖాస్తులో ‘తండ్రి వృత్తి’ అన్నచోట ‘వ్యాపారం’ అని వ్రాసి, సంతకానికి వారి ముందు పెట్టాము. వారు కాగితం వైపు కొంతసేపు చూచి, చేతులు తుడుచుకొని సంతకం చేశారు. ఆ మాట చదివారో లేదో మాకు నేటికీ తెలియదు.

గత వేసవి సెలవులలో ఆ పెట్టెను బాగుచేయ పూనుకున్నాము. మూత తెరిస్తే అరలు మెట్లు మెట్లుగా ఇరువైపులకు విచ్చుకోవలసిన రేకు పెట్టె అది. బందులు బిగుసుకొనిపోగా డీజిలు పోసి రెండు రోజులు నాననిచ్చాము. పాత రంగులలో సీసం ఉండే ప్రమాదం కలదు. ఇండ్లలో వాడే రంగులలో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గాని అమలుకు రాలేదు. అందుచేత రంగును పొడిగా గీకక, తడిపి, మాస్కు ధరించి ఉప్పుకాగితంతో రుద్దాము. మూతపై అబ్బా తెల్లరంగుతో వ్రాసుకున్న 786 అంకెను మాత్రం తాకలేదు.

ఇనుమునకు నీరూ, గాలిలోని ఆక్సిజనూ తోడైతే తుప్పు పుడుతుంది. పనిముట్లను చింతపండు పులుసులో రాత్రంతా ఉంచాము. అందులోని టార్టారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. ఎక్కువ కాలం ఉంచితే మంచి ఇనుమును కూడా తింటుంది. ఉదయమే తీసి, వంటసోడా నీటితో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే నూనె పూశాము. పెట్టెకు రెడ్ ఆక్సైడు పూసి, అది ఆరిన పిదప పైరంగు వేశాము.

తుప్పు వదలిన పానాల కాడలపై చిన్న గాట్లు కనబడ్డాయి. వాడుకలో తగిలిన దెబ్బలని తలచి, నున్నగా చేయాలన్న ఉత్సాహంతో ఒక పానాపై వాటిని ఆకురాయితో అరగదీశాము. రెండవది చేత పట్టినప్పుడు సందేహం కలిగింది. దెబ్బలైతే ఇంత సమదూరంలో ఎందుకుంటాయి?

తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల యంత్రాలు బాగుచేసే ఒక పెద్దాయన చిన్నతనంలో అబ్బా వద్ద పని నేర్చినవారు. పానాలు మూటగట్టుకొని ఆయన వద్దకు వెళ్ళాము. ఆయన వాటిని చూడనైనా చూడక, కళ్ళు మూసుకొని బొటనవ్రేలితో తడిమారు.

“ఒక గాటు విట్‌వర్తు, రెండు గాట్లు అంగుళం, మూడు గాట్లు మిల్లీమీటరు బాబూ! అర్ధరాత్రి కొల్లేటి గట్టు మీద ఇంజిను ఆగిపోతే దీపమెక్కడిది? మేస్త్రీగారు వేలితోనే చదివేవారు” అన్నారు.

జోసెఫ్ విట్‌వర్త్ అను ఆంగ్లేయ ఇంజినీరు 1841లో మరల చుట్లకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. ఆ పద్ధతి పానాపై అర అంగుళమని ఉంటే అది బోల్టు మందం. పానా నోరు అంతకన్నా చాలా వెడల్పు. మరొక పద్ధతిలో అదే అంకె నోటి వెడల్పును తెలుపుతుంది. 1956 నాటి చట్టంతో మన దేశం మెట్రిక్ కొలతలకు మారగా మిల్లీమీటర్ల పానాలు కూడా వచ్చి చేరాయి. ఒకే పెట్టెలో మూడు భాషలు! వాటన్నింటికీ మా అబ్బా ఒక లిపి కల్పించుకున్నారు. తరగతిలో లిపుల పరిణామం బోధించే మేము, మా ఇంటి లిపిని మా చేతులతోనే చెరిపివేశాము.

ఆ పెద్దాయన చెరిగిన పానా నోటిని బోల్టులతో సరిచూచి, అది రెండు గాట్లదని తేల్చి, ఆకురాయి మా చేతికిచ్చారు. గాట్లు పెట్టాము. అవి వంకరగా వచ్చాయి.

ఈ ఏడాది ప్రవేశాల వేళ ఒక విద్యార్థి ‘తండ్రి వృత్తి’ అన్నచోట కలం ఆపి మా ముఖం వైపు చూచాడు. ఆ చూపు మాకు తెలిసినదే. “ఉన్నది ఉన్నట్లు వ్రాయి నాయనా” అన్నాము. ‘పంక్చర్ల షాపు’ అని వ్రాశాడు.

విద్యార్థులారా! మీ ఇంటి పెద్దల చేతులలో ఏ విద్య ఉన్నదో వారు ఉండగానే అడిగి తెలుసుకొనండి. మాకు చదివి చెప్పడానికి తాడేపల్లిగూడెంలో ఒకరైనా మిగిలి ఉన్నారు. అందరికీ ఆ అదృష్టం ఉండదు.