బందరు తీరమున బిడ్డలతో నాలుగు దినములు

మనది సముద్రమెఱుగని సీమ. 2014 లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకు ఏ దిక్కునను సముద్రతీరము లేదు. సూర్యాపేట బిడ్డకు మూసీనది తెలియును. కోదాడ బిడ్డకు ఊరి చెఱువు తెలియును. మిర్యాలగూడ బిడ్డకు నాగార్జునసాగరు ఎడమకాలువ తెలియును. సముద్రమన్ననో, వారికది భూగోళపటములోని నీలిరంగు మాత్రమే. అయినను మన ముంగిటనుండి పోవు పెద్దబాట సముద్రమునకే పోవుచున్నదని మనలో ఎందఱము తలంచితిమి? పూనానుండి బయలుదేరి హైదరాబాదు, సూర్యాపేట, కోదాడ, విజయవాడల మీదుగా వచ్చు 65వ నంబరు జాతీయరహదారి మచిలీపట్టణమున ముగియును. ఆ మచిలీపట్టణమునే మనవారు బందరందురు. సూర్యాపేటనుండి అది సుమారు 210 కిలోమీటర్లు. కోదాడనుండి సుమారు 170. ఉదయమున చద్ది మూటగట్టుకొని బయలుదేరినచో మధ్యాహ్నభోజనమునకు చేరవచ్చును. మిర్యాలగూడవారికి గుంటూరు, విజయవాడల మీదుగా రైలుదారియు కలదు.

పోయిన చలికాలపు సెలవులలో మూడిండ్లవారము కలిసి బయలుదేరితిమి. మాది సూర్యాపేట, మా చెల్లెలి యత్తవారిల్లు కోదాడ, మా అన్నగారి కాపురము మిర్యాలగూడ. వదినెగారు పిల్లలతో హుజూర్‌నగరు మీదుగా బస్సులో కోదాడ చేరగా అక్కడినుండి అందఱమొకే బండి యెక్కితిమి. పిల్లలైదుగురు. అందఱికంటె పెద్ద పిల్ల మా అమ్మ! ఆమెకు డెబ్బదిరెండేండ్లు, అంతవఱకు సముద్రమును చూచి యెఱుగదు. వదినెగారి సంచిలో మూత బిగించిన చిన్న సీసా యొకటి యుండెను. మిర్యాలగూడకు చేరువనున్న వాడపల్లిలో మూసీ కృష్ణలో కలియుచున్నది గదా, ఆ సంగమమున పట్టిన నీరది. "మన యేటినీరు సముద్రములో ఎక్కడ కలియునో అక్కడ పోసి వత్తము" అని ఆమె పిల్లలతో అనెను. ఆ మాటతో ప్రయాణమునకొక గుఱి యేర్పడినది. విజయవాడ చేరువరకు "ఇదియును మన నీరేనా?" అని ప్రతి కాలువకును ప్రశ్నయే.

మొదటినాటి సాయంకాలము మంగినపూడి తీరమునకు పోయితిమి. అది బందరునకు సుమారు పదకొండు కిలోమీటర్ల దూరమున నున్నది. కార్తికపూర్ణిమనాడు అక్కడ సముద్రస్నానమునకు జనము కిక్కిఱిసి యుందురు. మేము పోయిననాడు సందడి కొద్దిగానే యుండెను. బండి దిగగానే పిల్లలు పరుగెత్తిరి. మా అమ్మ మాత్రము చెప్పులు విడిచి, కొంగు నడుమునకు చుట్టి, నీటి యంచున నిలిచి చాలసేపు మాటాడలేదు. తుదకు, "ఇంత నీరుండి, త్రాగుటకు గ్రుక్కెడు లేదా!" అనెను. దప్పిక యెఱిగిన నేలపై బ్రదికినవారి మాట యది.

మంగినపూడి మన్ను తెల్లని యిసుక కాదు. నల్లని మెత్తని మన్ను. మన రేగడిని పోలియుండుటచే పిల్లలకు వెంటనే చుట్టఱికము కుదిరినది. బొమ్మరిండ్లు కట్టుటకది యిసుకకంటె మేలు. కోటలు, బురుజులు, కందకములు కట్టిరి. కందకములోనికి అల వచ్చి నిండగా చప్పట్లు చఱచిరి. పెద్దపిల్ల యొకతె నీటి యంచున పుల్లనొకటి గ్రుచ్చి, పోటు వచ్చి దానినంటిన వేళను చీటిపై వ్రాసికొన్నది. దినమునకు రెండుమార్లు పోటు, రెండుమార్లు పాటు. ఒకనాటి పోటుకంటె మఱునాటి పోటు సుమారు 50 నిమిషములాలస్యముగ వచ్చును. చంద్రుని యాకర్షణమే దీనికి ముఖ్యకారణమని పుస్తకములో చదివినదానిని ఆ పిల్ల పుల్లతోను గడియారముతోను తానే కనుగొన్నది. ఖర్చులేని యాట, మఱవని పాఠము.

రెండవనాటి ఉదయమున సూర్యోదయము చూచుటకు మరల అక్కడికే పోయితిమి. తూర్పుతీరమగుటచే సూర్యుడు నీటినుండియే లేచినట్లు కనబడును. ఆ యానందములో మేమొక పొరపాటు చేసితిమి. దానిని దాచక చెప్పుట నా ధర్మము.

మా అన్నగారి పెద్దబిడ్డడు పండ్రెండేండ్లవాడు. సాగరు కాలువలో ఈత నేర్చినవాడు. "వానికేమి, చేపపిల్ల!" అని మేమే మురిసి వానిని విడిచితిమి. ఆ తీరమున చాలదూరము లోతు తక్కువ. ఆ తక్కువ లోతే మమ్ము మోసగించినది. వాడు నడుములోతునకు పోయెను. అల వెనుకకు పోవునప్పుడు కాలిక్రింది మన్ను జాఱి పడిపోయెను. లేవబోవునంతలో మఱియొక అల మీదబడెను. ఒడ్డునకు ఈదుచునేయున్నాడు, కాని వెనుకకే పోవుచున్నాడు. మా గొంతులు పెగలలేదు. ఒడ్డున వలలు బాగుచేసికొనుచున్న జాలరి యొకడు పరుగున దిగి వానిని రెక్కపట్టి ఈడ్చుకొని వచ్చెను. వదినెగారు బిడ్డను కౌగిలించుకొని యేడ్చినది. వాడు సిగ్గుతో తలవంచుకొనెను. అప్పుడు ఆ జాలరి యింటామె మాతో, "కాలువ యొక్కదిక్కునకే లాగును తల్లీ, సముద్రము వచ్చునప్పుడొక దిక్కునకు, పోవునప్పుడొక దిక్కునకు లాగును. కాలువలో ఈదినవానికే యిక్కడ భయము తక్కువ, ప్రమాదమెక్కువ" అనెను.

ఆమె మాట ప్రతి తల్లియు గుర్తుంచుకొనదగినది. ఒడ్డునకు వచ్చిన నీరంతయు మరల లోనికి పోవలెను గదా. ఒక్కొక్కచోట అది సన్నని పాయగా కూడుకొని వేగముగ పోవును. అట్టి పాయలో చిక్కినవాడు ఒడ్డునకెదురీదినచో అలసి మునుగును. అలసిపోక వెల్లకిల తేలి సహాయమునకై చేయెత్తవలెను. ఈత చక్కగా వచ్చినవాడు ఒడ్డు వెంబడి ప్రక్కకీది, ఆ పాయ దాటినపిదప తీరమునకు రావలెను. పిల్లలకు మోకాలిలోతే హద్దు. చేయి చాచిన అందునంత దూరమున పెద్దలొకరు నీటిలో నిలువవలెను. ఒడ్డున కూర్చుండి చూచుట కాపలా కానేరదు. ఈతకు దిగరాదని స్థానికులు చెప్పినచోట వాదమువలదు. ఆనాటినుండి మేము పెద్దలము వంతులు వేసికొని నీటిలో నిలిచితిమి. దీనివలన మఱియొక మేలు కలిగినది: వంటసంచులకు కావలి కూర్చుండవలసిన మా బోటి ఆడువారమును అలలలో తడిసితిమి!

ఆనాడు ఎండ ముదిరినపిదప పట్టణము చూచితిమి. గోలకొండ సుల్తానుల కాలమున బందరు ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. ఆంగ్లేయులు 1611 లో ఇక్కడ వర్తకశాల నెలకొల్పిరి, డచ్చివారును వచ్చిరి. డచ్చివారి సమాధులలో 17వ శతాబ్దపు రాతిఫలకములపై చెక్కిన చిహ్నములను పిల్లలు వింతగా తడవి చూచిరి. ఇంత దూరమునుండి వారేల వచ్చిరని అడుగగా, "మన వస్త్రములకై" అని చెప్పితిని. ఈ పట్టణము సముద్రముచేత పెరిగినది, సముద్రముచేతనే దెబ్బతిన్నది. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతో వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. ఉదయమున జరిగినదాని పిదప పిల్లలీ మాటను నిశ్శబ్దముగ వినిరి.

సాయంకాలము గిలకలదిండి రేవున చేపలపడవలు చూచి, బందరులడ్డు కొని బసకు చేరితిమి. దీనినే తొక్కుడులడ్డు అందురు. సెనగపిండితో పూస వండి, దానిని రోటిలో దంచి, మెత్తని పొడిచేసి, పాకమును నేతిని చేర్చి మరల దంచి ఉండలు కట్టుదురు. 2017 లో దీనికి భౌగోళికచిహ్నము లభించినది. మా అమ్మ ఒకటి నోట వేసికొని, "దంచినవారి రెక్కలే దీని రుచి" అనెను.

మూడవనాడు నీటికి సెలవిచ్చితిమి. ప్రతిదినము సముద్రమే అన్న పిల్లలకు ఎండదెబ్బ, తల్లులకు విసుగు. సమీపముననే పెడన కలదు. అక్కడి అద్దకపుశాల యొకదానిలో కలంకారీ పని చూచితిమి. బట్టను కరకకాయనీటిలో నానవేసి ఆరవేయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో చాలదినములు పులియబెట్టిన నీరు కరకకాయ పట్టిన బట్టపై పడగానే నల్లనగును. పటికనీటితో అద్దినచోట ఎఱుపు పట్టును. చెక్కిన కొయ్యయచ్చులను ఒకదాని ప్రక్క నొకటి గీటు తప్పక పెట్టుటలో ఆ పనివాండ్ర కన్నును చేయియు ఎంత కుదురో! వారు దయతో పిల్లలకొక గుడ్డపీలిక ఇచ్చి అద్దనిచ్చిరి. ఎవరి పువ్వును తిన్నగ రాలేదు. అయినను ఆ పీలికలు నేటికిని మా యిండ్లలో భద్రముగ నున్నవి. చీర వెల అడుగుటకు ముందు చేతివంక చూచుట పిల్లలకు అలవాటైనది.

నాల్గవనాడు అసలు గుఱి. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా హంసలదీవికి పోయితిమి. మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శించి బిడ్డల క్షేమమునకై మ్రొక్కితిమి. పులిగడ్డకడ కృష్ణ పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమ నున్నదే దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమందిని కోల్పోయిన నేల యిది. నేడు పచ్చని వరిచేలను చూచిన ఆ మాట నమ్మశక్యము కాదు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి యాలయము కలదు. మాఘపూర్ణిమనాడు సాగరసంగమమున స్నానమునకు యాత్రికులు వత్తురు. సంగమమునకు సమీపమున మడయడవులున్నవి. బురదనుండి పైకి పొడుచుకొనివచ్చిన వేళ్ళతో ఆ చెట్లు గాలి పీల్చుకొనునని చెప్పగా పిల్లలు చెవులొగ్గి వినిరి. ఒక డొక్కయే పెద్దదైన చిన్న ఎండ్రకాయలు బురదలో మమ్ము చూచి బొరియలలో దూఱినవి.

సంగమమున పిల్లలు వరుసగ నిలిచి వాడపల్లి నీటిని చేతులలో కొంచెము కొంచెముగ పోసికొని సముద్రమున విడిచిరి. అప్పుడు మా అన్నగారి పెద్దబిడ్డడే అడిగెను: "నాయనమ్మా, మనము తేకున్నను ఈ నీరు తానే యిక్కడికి వచ్చెడిది గదా?" మా అన్నగారు నిజము చెప్పిరి. వరదకాలమున వచ్చును, తక్కిన కాలమున చాలవఱకు రాదు. నాగార్జునసాగరున నిలుతురు, పులిచింతలలో నిలుతురు, మిగిలినదానిని విజయవాడలో 1957 నాటి ప్రకాశము బారేజి కాలువలకు మరల్చును. చలికాలమున ఈ మొగలో కనబడునది చాలవఱకు పోటుతో లోనికి వచ్చిన ఉప్పునీరే.

పిల్లల ముఖములు చిన్నబోయినవి. మా అమ్మ మాత్రము నవ్వినది. "రాని నీరు ఎక్కడికి పోయినదిరా? మీ మిర్యాలగూడ మిల్లులలో బియ్యమైనది. ఇక్కడికి వచ్చుచు దారిలో చూచిన చేలలో వరియైనది. ఉదయము నీవు తిన్న పులిహోరలో నున్నది. ఆకలి తీర్చి మిగిలినదే సముద్రమునకు రావలెను" అనెను. ఆపై ఖాళీ సీసాను వదినెగారి చేతినుండి తీసికొని, ఉప్పునీటితో నింపి, మూత బిగించినది. అది యెందుకని అడిగితిని. "ఇరుగుపొరుగువారిలో నావలె చూడనివారున్నారు, నాలుకకు తాకించి చూపుదును" అనెను.

పోదలచిన సోదరీమణులకు నాలుగు మాటలు. ఆశ్వయుజ కార్తికములు తుపానుల కాలము. వాతావరణశాఖవారి హెచ్చరిక చూడక కదలవలదు. వేసవిలో పోయినచో ఉదయము తొమ్మిది గంటలలోపున, సాయంకాలము నాలుగు దాటినపిదప మాత్రమే తీరమునకు పోవలెను. త్రాగునీరు తలకు మించి తీసికొనవలెను. దధ్యోదనము, పులిహోర ఎండకు మేలు. ఒక్కొక్క బిడ్డకు రెండు జతల నూలుబట్టలు, టోపి, తడిబట్టలకొక సంచి చాలును. తెచ్చిన చెత్తను మరల తెచ్చుకొనవలెను. దినమునకొక్క వింత చాలును. రెండు పెట్టినచో రెండును మఱతురు.

మేము తిరిగివచ్చి నెలలైనది. ఈమధ్య మా అన్నగారి బిడ్డడు ఎడమకాలువ గట్టున తమ్మునికి ఈత నేర్పుచు, "మోకాలిలోతు దాటకు, నేనిక్కడనే నిలిచి యుందును" అని చెప్పుచుండగా వదినెగారు విన్నదట. ఉప్పునీటి సీసా మా అమ్మ గూటిలో నున్నది. వీధిలోని ముసలమ్మలు ఒక్కొక్కరుగా వచ్చి, ఒక్క చుక్క నాలుకపై వేసికొని, మొగము ముడిచి నవ్వుచున్నారు. సీసా సగమైనది. వచ్చే చలికాలమున వారిలో నిద్దఱు మాతో బందరు వత్తుమనుచున్నారు.