కడుపెక్కడ, మెడ యెక్కడ!

గడచిన మాసమున మా అత్తగారికి కడుపునొప్పి రాగా అల్ట్రాసౌండు పరీక్ష చేయించితిమి. పిత్తాశయపు లోపలి గోడకు 6 మిల్లీమీటర్ల పాలిప్పు, అనగా పులిపిరివంటిది, అంటియున్నదని తేలెను. క్యాన్సరేమో యని మేమెంతో తల్లడిల్లితిమి. 10 మిల్లీమీటర్లకు లోబడినవానిలో పెక్కు కొలెస్టరాలు పేరుకొనగా ఏర్పడినవే యనియు, అప్పుడప్పుడు పరీక్షించుచుండిన చాలుననియు వైద్యురాలు ధైర్యము చెప్పెను.

పిమ్మట అత్తగారి రక్తపుపోటు సంగతి విని, మెడ ప్రక్కనున్న రక్తనాళమును గూడ చూడవలెననెను. మాకు నవ్వు వచ్చెను. కడుపెక్కడ, మెడ యెక్కడ! కాని యా కొలెస్టరాలే మెదడునకు రక్తము గొనిపోవు నాళపు గోడలో పేరుకొని పక్షవాతము తేగలదట. ఈ రెండును కొందరియందు జతగా కనబడునట. ఒకటి రెండవదానికి కారణమని మాత్రము చెప్పరాదట.

మెడలోను కొంత పూడిక కనబడెను. అత్తగారు ఏండ్ల తరబడి రక్తపుపోటు మాత్రలు మానుచు వచ్చిరన్న సంగతి యప్పుడు గాని మాకు తెలియలేదు. మాత్రల డబ్బా యిప్పుడు మా పెద్ద తోడికోడలి చేతిలో నున్నది.